మన ఊరి పొగ, మన ఊరి గెడ్డ: పరిశ్రమల రసాయనాలపై పాఠం చెప్పే టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్స్ టీచర్లు నలుగురు ఒకచోట చేరితే పరిశ్రమల రసాయనాల మాట రాకుండా పోదు. పైడిభీమవరం వైపు వాళ్లకు మందుల కంపెనీలు, గరివిడి, బొబ్బిలి వైపు వాళ్లకు ఫెర్రో అల్లాయ్స్ (ఇనుముతో మాంగనీసు, క్రోమియం లాంటివి కలిపే ఫ్యాక్టరీలు), టెక్కలి వాళ్లకు గ్రానైట్, పలాస వాళ్లకు జీడి బట్టీలు. పిల్లలకు ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నది అందరి ప్రశ్నే. ప్రతి జూన్‌లోనూ అవే అనుమానాలు తిరిగి వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

సిలబస్ పూర్తవడానికే టైం చాలట్లేదు. ఇదొకటి ఎక్కడ ఇరికించాలి?

విడిగా పాఠం పెట్టుకుంటే నిజంగానే కుదరదు. ఉన్న పాఠాల్లోనే కలిపేయాలి. ఆమ్లాలు, క్షారాలు చెప్పే వారం బోరు నీళ్లు, చెరువు నీళ్లు క్లాసుకు తెప్పించండి. విసర్జన వ్యవస్థ చెప్పేటప్పుడు కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం మాట ఎలాగూ వస్తుంది. సగటు, శాతాలు చెప్పే లెక్కల మాస్టారికి ఆ బోరు రీడింగులు ఇచ్చేయండి. తెలుగు టీచరు లేఖారచనలో పంచాయతీ కార్యదర్శికి ఉత్తరం రాయిస్తారు.

పైనుంచి ఎవరైనా "ఇదెందుకు" అని అడిగితే చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అమలు సరిగా జరగడం లేదని 2003లో మరోసారి గట్టిగా ఆదేశించింది.

మా ఊళ్లో ఫ్యాక్టరీయే లేదు. మా పిల్లలకు ఇదంతా ఎందుకు?

ఫ్యాక్టరీ లేని ఊరు ఉంటుందేమో గాని రసాయనం లేని ఊరు లేదు. పొలంలో కొట్టే పురుగుమందు ఎవరింట్లో అటక మీద లేదు? చేపలు, రొయ్యలు నిల్వ చేసే చోట, ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా ఉంటుంది. మంచినీళ్ల ట్యాంకు దగ్గర బ్లీచింగ్ పౌడరు బస్తా ఉంటుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కల పెంకులోంచి కారే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు ఆముదమో బూడిదో రాసుకుంటారు. తమ అమ్మ వేళ్లు ఎందుకు నల్లబడ్డాయో తెలియని పిల్లలు అక్కడి క్లాసుల్లో కూర్చుని ఉంటారు. మొదలుపెట్టడానికి అంతకంటే దగ్గరి పాఠం ఏముంది?

ఇక పదహారో నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్లకైతే ఫ్యాక్టరీలే ట్యాంకర్ల రూపంలో రోజూ బడి ముందు నుంచి పోతుంటాయి.

సగం మంది పిల్లల తండ్రులు అదే కంపెనీలో పనిచేస్తున్నారు. ఇబ్బంది రాదా?

వస్తుంది. ఈ పని మానేసే టీచర్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు. "మా నాన్న డ్యూటీకెళ్తేనే గదా మాస్టారూ ఇంట్లో పొయ్యి వెలిగేది" అని ఎనిమిదో తరగతి పిల్లాడు అడిగితే, జవాబు చెప్పకుండా బోర్డు వైపు తిరిగిపోకూడదు. అతను అడిగింది న్యాయమైన ప్రశ్న.

నా లెక్కలో అలాంటి తండ్రి ఈ పాఠానికి అడ్డం కాదు, మొదటి సాక్షి. రసాయనం అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా తగిలేది లోపల పనిచేసే మనిషికే. గోడ అవతలి ఊరికి చేరేది ఆ తర్వాత. అందుకే పాఠాన్ని "కంపెనీ మంచిదా చెడ్డదా" అని మొదలుపెట్టకండి. "మీ ఇంట్లో పనికెళ్లేవాళ్లు ఏం వేసుకుని వెళ్తారు? గ్లౌజులు ఎవరిస్తారు? ఆ బట్టలు ఇంట్లో అందరి బట్టలతో కలిపే ఉతుకుతారా?" అని అడగండి. చివరి ప్రశ్న ముఖ్యమైనది. పని బట్టల మీద అంటుకున్న పొడి ఇంటికి వచ్చి చంటిపిల్లలకు తగలడం చాలా పరిశ్రమల్లో తెలిసిన సంగతే. పిల్లాడు ఇంటికెళ్లి "నాన్నా, బట్టలు విడిగా పెట్టు" అంటే తండ్రికి కోపం రాదు.

ఒక్క జాగ్రత్త. ఎవరి నాన్న ఏ కంపెనీలో, ఏ బ్లాకులో పనిచేస్తాడో నోటుపుస్తకాల్లో రాయించవద్దు. కాంట్రాక్టు లేబర్ ఉద్యోగం ఎంత గట్టిదో మనకు తెలుసు కదా.

ఏ తరగతి నుంచి చెప్పొచ్చు? చిన్నపిల్లలు భయపడిపోరా?

ఆరు, ఏడు తరగతులకు గుర్తులు, లేబుళ్లు చాలు. ఎనిమిది, తొమ్మిదిలో కొలతలు. చట్టం, హక్కులు పదో తరగతికి బాగా ఎక్కుతాయి. చేయడానికి ఏమీ లేకుండా వదిలేసినప్పుడే భయం పట్టుకుంటుంది. విషవాయువు గురించి చెప్పి గంట కొట్టేస్తే ఆ రాత్రి పిల్లలకు నిద్ర పట్టదు. అదే పీరియడ్‌లో "గాలి ఇప్పుడు ఎటు వీస్తోందో బయటికెళ్లి చూసి రండి" అంటే వాళ్ల మనసు పని మీదికి మళ్లుతుంది.

హెడ్మాస్టరు గారు వద్దంటున్నారు. ఏం చేయను?

ఉద్యమం అనే మాట వాడకండి. ఎకో క్లబ్ పని అనండి, సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు అనండి. అబద్ధమేమీ కాదు, అది అదే. ఏం చేయబోతున్నారో ఒక పేజీలో రాసి ముందే ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు.

## క్లాసులో

"రసాయనం అంటేనే విషం కదా మాస్టారూ" అంటున్నారు పిల్లలు. ఏమని చెప్పాలి?

ముందు ఉప్పు చూపించండి, అదీ రసాయనమే. తర్వాత మూడు ప్రశ్నలు బోర్డు మీద రాయండి: ఎంత? ఏ దారిలో లోపలికి వెళ్లింది? ఎన్నాళ్లు? ఈ మూడూ తెలియకుండా ఏదీ విషమని గానీ కాదని గానీ చెప్పలేం.

గరివిడి, చీపురుపల్లి పిల్లలకు మాంగనీసు మంచి ఉదాహరణ. అక్కడి గనుల పేరు వాళ్లకు తెలుసు. మాంగనీసు చాలా కొద్దిగా మన ఒంటికి కావాలి, తిండిలో దొరుకుతుంది కూడా. అదే మాంగనీసు ధూళిని ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతిని చేతులు వణుకుతాయి, నడక మారిపోతుంది. క్రోమియం ఇంకా విచిత్రం. మూడు సంయోజకత ఉన్న రూపం పెద్దగా హాని చేయదు. ఆరు సంయోజకత ఉన్న రూపం క్యాన్సర్ తెస్తుంది. మూలకం ఒకటే. సంయోజకత అనే మాటను మార్కుల కోసం బట్టీ పట్టే పిల్లలకు దాని అవసరం ఏమిటో ఇక్కడ అర్థమవుతుంది.

ఏ ఉదాహరణతో మొదలుపెడితే బాగుంటుంది? భోపాలా?

భోపాల్‌తో కాదు, ఇంట్లోని పురుగుమందు డబ్బాతో. మన దేశంలో ప్రతి పురుగుమందు లేబుల్ మీద రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అంటే అత్యంత విషం, పసుపు దాని తర్వాత, నీలం, ఆఖరున ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగినా ఫర్వాలేదని కాదు, ఈ నాలుగింట్లో విషం తక్కువ అని మాత్రమే. డబ్బాలు బడికి తేవద్దని గట్టిగా చెప్పండి. పెద్దవాళ్ల ఫోనులో ఫొటో చాలు. ఖాళీ డబ్బాల్లో నీళ్లు, నూనె పోసి వాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ పాఠం తర్వాత కొన్ని ఇళ్లలోనైనా ఆ అలవాటు పోతుంది.

భోపాల్‌ను డిసెంబరు 2న చెప్పండి. 1984లో ఆ రాత్రి నుంచి తెల్లవారేలోగా మిథైల్ ఐసోసయనేట్ లీకై వేలమంది చనిపోయారు. ఆ తేదీనే జాతీయ కాలుష్య నియంత్రణ దినంగా పాటిస్తున్నాం. మన పిల్లలకు ఇంకా దగ్గరిది విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో కదలకుండా నిల్వ ఉన్న స్టైరీన్ తనలో తాను చర్య జరుపుకుని వేడెక్కింది. పాలిమరీకరణం ఉష్ణమోచక చర్య అని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం పక్కన ఈ సంగతి చెప్పండి.

రెండు ఘటనల్లోనూ పక్కనున్న జనానికి ఆ గ్యాసు పేరేమిటో, వస్తే ఏం చేయాలో ముందుగా చెప్పినవాళ్లు లేరు. నేనైతే చావుల సంఖ్య కంటే ఆ సంగతి మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

ట్యాంకర్ల మీద ఉండే నంబర్లు పిల్లలతో చదివించొచ్చా?

తప్పకుండా. పిల్లలు అన్నింటికంటే సరదాగా చేసేది ఇదే. ప్రమాదకర సరుకు మోసే లారీకి అత్యవసర సమాచార పలక ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 చెబుతున్నాయి. దాని మీద నాలుగంకెల యూఎన్ నంబరు (లోపల ఉన్న సరుకు ఏదో చెప్పే అంతర్జాతీయ గుర్తు) ఉంటుంది. 1203 పెట్రోలు, 1075 వంటగ్యాసు, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1830 సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1230 మిథనాల్, 1294 టాలుయీన్. ఈ చివరి రెండూ మందుల కంపెనీలకు వెళ్లే ద్రావణులు. ఎక్కడో లారీ బోల్తా పడిందని ఫోను చేసేటప్పుడు ఈ నంబరు చెబితే ఫైరింజను వాళ్లకు సగం పని అయిపోయినట్టే.

హైవే అంచున నిలబెట్టి మాత్రం చేయించకండి. బస్సు కిటికీలోంచో, బంకులో ఆగి ఉన్న ట్యాంకరునో చూసి రాసుకు రమ్మనండి.

మందుల ఫ్యాక్టరీలో అంత వ్యర్థం ఎందుకు వస్తుంది? మందు బిళ్ల చిన్నదే కదా?

బిళ్ల చిన్నదే, దాని వెనక ప్రయాణం పెద్దది. మందు అణువు ఒక్క చర్యలో తయారవదు. ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో చర్యలు, ప్రతి మెట్టు దగ్గరా కరిగించడానికి ద్రావణి, కడగడానికి నీళ్లు, వేరుచేయడానికి ఆమ్లమో క్షారమో. ఒక కిలో మందుకు 25 నుంచి 100 కిలోల దాకా, ఒక్కోసారి అంతకు మించి వ్యర్థం రావడం ఈ పరిశ్రమలో మామూలే. బెల్లం వండే చోట చెరకు పిప్పి గుట్ట చూసిన పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది, కాకపోతే ఈ పిప్పిని పొయ్యిలో పెట్టలేం.

ఆ ద్రావణులను మళ్లీ మళ్లీ శుద్ధి చేసి వాడుకోవచ్చు. ఉప్పునీటిని ఆవిరి చేసి ఘనంగా మార్చవచ్చు. రెండూ ఖర్చుతో కూడినవి. బయట గెడ్డలో (వాగులో) కనిపించేదంతా ఆ ఖర్చు పెట్టారా లేదా అన్న దాని మీద ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంత చెబితే సరిపోతుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బు కాలుష్యం వల్లే వస్తోందని చెప్పొచ్చా?

చెప్పకూడదు. కాదని కూడా చెప్పకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంతవరకు తేల్చలేదు. భూగర్భజలంలోని సిలికా, పురుగుమందులు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని, నొప్పి మాత్రలు ఇలా చాలా అనుమానాలున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. అక్కడా రైతుకూలీలే ఎక్కువ.

తేలని ప్రశ్నను తేలనట్టుగానే పిల్లల ముందు పెట్టడం మంచి సైన్సు పాఠం. "కారణం తెలియనప్పుడు మరి ప్రభుత్వం ఏం చేసింది?" అని అడుగుతారు. హిరమండలం రిజర్వాయరు నుంచి నది నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి గురించి చెప్పండి. కారణం తేలేదాకా ఆగకుండా నీటిని మార్చడం తెలివైన పనేనా అని చర్చ పెట్టండి.

ఆ ఊళ్లలో పాఠం చెప్పేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మీ ఎదురుగా కూర్చున్నవాళ్లలో డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి ఇంట్లో ఉన్న పిల్లలు ఉంటారు. గణాంకాలు బోర్డు నిండా రాయక్కర్లేదు.

## బయటికి తీసుకెళ్లినప్పుడు

గెడ్డ దగ్గరికి పిల్లలను తీసుకెళ్లడం క్షేమమేనా?

వంతెన మీద నుంచి చూడటం క్షేమమే. దిగడం కాదు. కందివలస గెడ్డ లాంటి చోట నీళ్లలో ఏముందో మనకు ముందే తెలియదు కాబట్టి పిల్లలెవరూ నీటిని ముట్టుకోకూడదు, సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడకూడదు. శాంపిల్ పెద్దవాళ్లే గ్లౌజులు వేసుకుని తీయాలి. చెప్పులు కాదు, బూట్లు. ఇంట్లోవాళ్ల సంతకం ముందే తీసుకోండి. కంపెనీ గోడ వెంబడి కాలువలోకి, రాత్రిపూట ఎక్కడికీ వద్దు. ఎంత ఉత్సాహం ఉన్నా వద్దు.

పిల్లల చేత నోటుపుస్తకంలో ఏం రాయించాలి?

పేజీని మూడు గళ్లుగా గీయించండి: చూసింది, విన్నది, కొలిచింది. పాఠమంతా ఆ మూడు గళ్లలోనే ఉందంటాను.

ఒక పేజీ ఇలా ఉంటుంది. సోమవారం, ఉదయం 7:40, వంతెన మీద. చూసింది: నీటి మీద తెల్ల నురగ, గట్టు పక్క గడ్డి పసుపుపచ్చగా ఉంది, గేదెలు అవతలి ఒడ్డున తాగుతున్నాయి. విన్నది: రాత్రి ట్యాంకరు వచ్చి వదిలిందని పాలు పోసే మామయ్య చెప్పాడు. కొలిచింది: పీహెచ్ కాగితం 8 దగ్గరి రంగు.

ఇప్పుడు అడగండి, ఈ పేజీ చూసి కంపెనీ విషం వదిలిందని రాయవచ్చా? కుదరదు. నురగ సబ్బునీళ్ల వల్ల రావచ్చు, కుళ్లిన ఆకుల వల్లా రావచ్చు. ట్యాంకరు సంగతి విన్నది మాత్రమే. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అంటే తటస్థం) 8 ఉండటం మామూలే. అయితే గేదెలు రోజూ తాగే ఒడ్డు మాని అవతలికి ఎందుకు వెళ్లాయి? ఇది ఎవరూ అడగని ప్రశ్న. ఒక్కోసారి వెనక బెంచీలో కూర్చునే గేదెల కాపరి కొడుకే దీన్ని పట్టుకుంటాడు. ఇలాంటి పేజీలు ఏడాది పాటు వరసగా ఉంటే దానికి విలువ వస్తుంది.

రాత్రిళ్లు ఘాటు వాసన వస్తుంది, తెల్లారేసరికి ఉండదు. దీన్ని ఎలా రికార్డు చేయాలి?

టైము, గాలి వీచే దిక్కు, వాసన ఎలా ఉంది, సున్నా నుంచి అయిదు వరకు ఎంత ఘాటు, ఈ నాలుగూ చాలు. దిక్కు తెలియడానికి డాబా మీద కర్రకు గుడ్డపీలిక కట్టమనండి. వాసనకు పిల్లల మాటలే రాయించండి: కుళ్లిన గుడ్డు, గోళ్ల రంగు, కాలిన ప్లాస్టిక్, మందుల షాపు. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కావచ్చు. అది మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టు కాదని పెద్దలకు కూడా చెప్పాల్సిన సంగతి ఇది.

రాత్రిళ్లు నేల దగ్గర గాలి చల్లబడి కదలకుండా ఉండిపోవడం వల్ల కూడా వాసన పేరుకుంటుంది. రాత్రి మాత్రమే వస్తోందంటే రాత్రి మాత్రమే వదులుతున్నారని వెంటనే తీర్మానించకండి.

కంపెనీ గేటు దగ్గర బోర్డు మీద ఏవో అంకెలు ఉంటాయి. అవి మనకు పనికొస్తాయా?

చాలా పనికొస్తాయి. ప్రమాదకర వ్యర్థాలు వచ్చే పరిశ్రమలు తాము వాడే రసాయనాల వివరాలు, బయటికి పోయే నీరు, గాలి, ఘనవ్యర్థాల వివరాలు గేటు బయట బోర్డు మీద పెట్టాలని సుప్రీంకోర్టు 2003లో ఆదేశించింది. బస్సులో పోతూ అందరూ చూస్తారు, చదివేవాళ్లు లేరు. అంకెలు రాసుకొచ్చి క్లాసులో విడదీయండి. శుద్ధి చేసి నదీ జలాల్లోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణాలు ఇవి: పీహెచ్ 5.5 నుంచి 9, బీఓడీ (నీటిలోని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ (రసాయనికంగా విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్) 250. పరిశ్రమను బట్టి అంతకంటే కఠినమైన షరతులూ ఉంటాయి. బోర్డు ఖాళీగా ఉంటే "చూసింది" గడిలో ఖాళీ అని తేదీతో సహా రాయించండి.

## పరీక్షలు, కొలతలు

ల్యాబ్ లేదు, డబ్బుల్లేవు. బడిలోనే ఏం చేయగలం?

మందార రేకులు వేడినీళ్లలో నానబెడితే సూచిక తయారు. ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. పసుపు కాగితం క్షారానికి ఎర్రబడుతుంది. శుభ్రమైన వాన నీరు కూడా పీహెచ్ 5.6 దాకా ఉంటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల. అది ముందే చెప్పకపోతే పిల్లలు ప్రతి వానకూ ఆమ్లవర్షం అని కేకలు వేస్తారు.

దుమ్ముకు తెల్ల అట్టముక్కల మీద పలచగా వాజిలిన్ రాసి వేర్వేరు చోట్ల ఒక రోజు వేలాడదీయండి. ఒకటి బడి లోపల, ఒకటి రోడ్డు వైపు, ఒకటి రైస్ మిల్లు వైపు, గ్రానైటు ఊళ్లలో అయితే పాలిషింగ్ యూనిట్ వైపు. భూతద్దంతో చూస్తే ఊక బూడిద నల్లగా, రాతిపొడి మెరుస్తూ కనిపిస్తాయి. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నటి ధూళి మాత్రం ఈ అట్టకు చిక్కదు, కంటికి కనపడదు. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది ఆ సన్నదే.

టీడీఎస్ మీటరులో అంకె పెద్దదిగా వచ్చింది. నీళ్లు విషమేనా?

కాదు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలను మాత్రమే అంచనా వేస్తుంది. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదు, వేరే నీరు లేకపోతే 2000 వరకు అనుమతి. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు వల్లే పెరిగిపోతుంది. తలకిందులుగా కూడా జరుగుతుంది: అంకె చిన్నదిగా ఉన్న నీళ్లలో పురుగుమందు, టాలుయీన్ ఉండొచ్చు, మీటరుకు తెలియదు. ఆర్వో మిషన్ అమ్మేవాళ్లు ఈ మీటరుతోనే జనాన్ని బెదరగొడుతుంటారు కాబట్టి పిల్లలకు ఇది తెలిస్తే ఇంట్లో డబ్బులు కూడా మిగులుతాయి.

అసలైన నీటి పరీక్ష ఎక్కడ చేయించాలి?

జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు ఇచ్చిన పరీక్షా కిట్లు ఉంటాయి, వాటిని వాడటానికి ఊళ్లోనే మహిళలకు శిక్షణ ఇచ్చారు. ముందు గ్రామ సచివాలయంలో అడగండి. కిట్‌తో పీహెచ్, కఠినత్వం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము లాంటివి తెలుస్తాయి. తర్వాత గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబు. ద్రావణులు, భారలోహాలు కావాలంటే మామూలు పరీక్షలో రావు, విడిగా పేరు చెప్పి అడగాలి. "నీళ్లు టెస్ట్ చేయండి" అంటే వాళ్ల దగ్గరున్న జాబితా చేసి ఇచ్చేస్తారు. తాగునీటిలో మాంగనీసు 0.1, అత్యధికంగా 0.3 మిల్లీగ్రాములు, క్రోమియం 0.05 మించకూడదని ప్రమాణం. ఫెర్రో అల్లాయ్స్ చుట్టుపక్కల వాళ్లు ఈ రెండింటినీ పేరు పెట్టి అడగాలి.

చెరువులో చేపలు చచ్చి తేలాయి. విషమేనా?

చాలాసార్లు ఆక్సిజన్ అయిపోవడం వల్ల. మబ్బు పట్టిన రోజుల తర్వాత తెల్లవారుజామున ఇలా జరుగుతుంది, ముందుగా పెద్ద చేపలు పోతాయి, మిగిలినవి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. చిన్నా పెద్దా తేడా లేకుండా, కప్పలు, నత్తలు, పురుగులతో సహా, పట్టపగలు కూడా చనిపోతే విషాన్ని అనుమానించాలి. కుళ్లే వ్యర్థం ఎక్కువగా కలిసినా ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి మొదటి సందర్భంలోనూ మనిషి చెయ్యి ఉండొచ్చు. ఫొటో, టైము, నీటి రంగు రాసుకుని మత్స్యశాఖకు అదే రోజు చెప్పాలి. ఆ చేపలు వండుకోవద్దని ఊళ్లో చెప్పడం అన్నింటికంటే ముందు పని.

## దొరికింది ఎవరికి చెప్పాలి

పిల్లలు వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టేస్తామంటున్నారు. పెట్టనివ్వాలా?

వద్దు. విన్నది కూడా చూసినట్టే వెళ్లిపోతుంది, పిల్లల ముఖాలు, బడి పేరు బయటపడతాయి. మరుసటి రోజు అడిగేది మిమ్మల్నే. ముందు రాతపూర్వకంగా అధికారికి, తర్వాతే మిగతావి. ఆ వయసులో ఆగడం కష్టమే, ఆ టెన్షన్ మనకు తప్పదు.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? సమాచారం ఎలా రాబట్టాలి?

పంచాయతీకి ఒక కాపీ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒకటి. రసీదు లేకుండా కదలకండి. పిల్లల పేర్లతో కాకుండా విద్యా కమిటీ తల్లిదండ్రుల పేర్లతో ఇస్తే మంచిది. "కాలుష్యం ఎక్కువైంది" అని రాస్తే ఫైలు అక్కడే ఉంటుంది. "ఈ తేదీల్లో, ఈ టైముల్లో, ఈ దిక్కు గాలిలో, ఈ వాసన" అని పట్టిక జతచేస్తే అధికారికి పని మొదలుపెట్టడానికి పట్టు దొరుకుతుంది.

కాలుష్యం వచ్చే ప్రతి పరిశ్రమకూ నీటి చట్టం 1974, గాలి చట్టం 1981 కింద మండలి ఇచ్చిన అనుమతి పత్రం ఉంటుంది. ఎంత నీరు, ఎలా శుద్ధి చేయాలో షరతులన్నీ అందులోనే. సమాచార హక్కు చట్టం 2005 కింద దాని నకలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. పెద్దవాళ్లెవరైనా సంతకం పెట్టి అడిగితే, వచ్చిన కాగితాన్ని పదో తరగతి పిల్లలు చదివి ఎర్రపెన్నుతో గీతలు గీయగలరు.

ప్రజాభిప్రాయ సేకరణకు పిల్లలను తీసుకెళ్లొచ్చా?

జనం ఎక్కువై, ఒక్కోసారి గొడవ అయ్యే చోటు. నేనైతే తీసుకెళ్లను. ముందు చేయాల్సిన పని క్లాసులో ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశం తెచ్చి పిల్లలతో చదివించి ప్రశ్నలు రాయించండి. వాటిని తల్లిదండ్రులు పట్టుకెళ్లి అడుగుతారు.

సోంపేట, కాకరాపల్లి గురించి చెప్పాలా?

చెప్పాలి, అవి మన జిల్లా చరిత్ర. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని బీల, తంపర అనే చిత్తడి భూముల కోసం నిలబడ్డవాళ్ల మీద 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. కరెంటు కావాలన్న వాదన, తంపర భూముల్లో చేపలూ పంటా పోతాయన్న వాదన రెండూ బోర్డు మీద పెట్టండి. ఎవరిది ఒప్పో మీరు చెప్పకపోయినా ఫర్వాలేదు.

కంపెనీ వాళ్లే బడికి బల్లలు, ఆర్వో ప్లాంటు ఇచ్చారు. ఇక ఈ పాఠం చెబితే బాగుంటుందా?

బల్లలకు ధన్యవాదాలు చెప్పండి, పాఠం చెప్పండి. కంపెనీల చట్టం 2013 ప్రకారం నిర్దిష్ట స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అది దయ కాదు, చట్టం. నిజానికి మంచి సంబంధం ఉంటే భద్రతాధికారిని బడికి పిలిచి, మాస్కులు ఎన్ని రకాలో, ఏది దేనికో చెప్పమనొచ్చు. వాళ్లలో కొందరు చాలా బాగా చెబుతారు.

## గ్యాసు లీకైతే

బడి టైములో సైరన్ మోగితే, ఘాటు వాసన వస్తే ఏం చేయాలి?

ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలి. జెండా కర్ర ఉన్నది అందుకే అనుకోండి. గాలి వెంబడి పరుగెత్తితే గ్యాసు మనతోనే వస్తుంది, ఎదురెళ్తే లీకైన చోటికే పోతాం. గాలి దిక్కుకు అడ్డంగా, పక్కకు వెళ్లాలి. గ్యాసు అప్పటికే చుట్టుముట్టినా, బయటికి వెళ్లే దారి లేకపోయినా గదిలోనే ఉండి తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కాలి, ఫ్యాన్లు ఆపాలి. ముక్కుకు, నోటికి తడిగుడ్డ. క్లోరిన్, హైడ్రోజన్ సల్ఫైడ్, స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనవి, పల్లంలో పేరుకుంటాయి కాబట్టి మెట్టకో, మేడ మీదికో వెళ్లడం మేలు. అమ్మోనియా తేలికైనదే అయినా పెద్ద లీకులో చల్లటి మంచులా నేలను పట్టుకుని పాకుతుంది. కళ్లు మండితే కనీసం పావుగంట నీళ్లతో కడగాలి, నలపకూడదు. ఫోను 112కి, అంబులెన్సుకు 108. హాజరు పట్టీ మీ చేతిలోనే ఉండాలి. ఏం జరిగిందో చూడ్డానికి ఎవరినీ పంపకండి, ముఖ్యంగా ఉత్సాహవంతులైన పదో తరగతి మగపిల్లలను.

ఇవన్నీ ముందే ప్రాక్టీసు చేయించాల్సిన బాధ్యత ఎవరిది?

1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం, పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీ చుట్టుపక్కల జనానికి ప్రమాదం ఎలా ఉంటుందో, వస్తే ఏం చేయాలో ముందే తెలియజేయాలి. 1996 నియమాల కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందం ఉంటుంది, పారిశ్రామికవాడ స్థాయిలో స్థానిక బృందం ఉంటుంది. మీ బడి వాళ్ల ప్రణాళికలో ఉందో లేదో ఉత్తరం రాసి అడగండి. మాక్ డ్రిల్ ఎప్పుడు పెడుతున్నారో, సైరన్ ఎన్నిసార్లు మోగితే ప్రమాదమో, ఎన్నిసార్లు మోగితే అంతా బాగున్నట్టో అందులోనే అడగండి. షిఫ్టు మారే సైరనూ ప్రమాదపు సైరనూ ఒకేలా మోగే చోట్ల ఈ ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకుని, ప్రతి తరగతి గోడ మీదా అతికించాలి.